‘పంజెంట్’ అనే ఒక్క మాట: గుంటూరు మిర్చి ఉద్యోగినితో ఎనిమిది పాఠాల కేస్ స్టడీ

కేస్ నేపథ్యం

గుంటూరు బ్రాడీపేటలో ఉద్యోగస్తులకు ఇంగ్లీషు నేర్పడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చేవారిలో పిల్లలు తక్కువ. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో, ఎగుమతి కార్యాలయాల్లో పనిచేస్తూ, తెలుగు మాధ్యమంలో డిగ్రీ దాకా చదివి, రోజూ ఇంగ్లీషులో నాలుగు ఈమెయిళ్లు రాయవలసి వచ్చేసరికి సరైన మాట తట్టక ఇబ్బందిపడేవారే ఎక్కువ. వారిలో ఒకరి అనుభవాన్ని, ఆమె అనుమతి తీసుకుని, గుర్తుపట్టగల వివరాలన్నీ తొలగించి ఇక్కడ నమోదు చేస్తున్నాను. పంజెంట్ (pungent; మామూలుగా ‘ఘాటైన’ అని అర్థం చెబుతాం) అనే ఒకే ఒక్క విశేషణం కోసం ఎనిమిది పాఠాలు వెచ్చించిన సందర్భం నాకు మరొకటి లేదు. వాటిలో రెండు నా పొరపాటు వల్ల పోయినా, మిగిలినవన్నీ అవసరమేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆమె వయసు ముప్పై నాలుగు. రసాయనశాస్త్రం ఒక సబ్జెక్టుగా బి.ఎస్సీ. చదివి, మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థలో నాణ్యత విభాగంలో పనిచేస్తున్నారు. మిర్చి యార్డు నుంచీ కోల్డ్ స్టోరేజీల నుంచీ వచ్చిన టిక్కీల్లోంచి (మిర్చి బస్తాల్లోంచి) మచ్చు తీయడం, రంగు, తేమ, తాలు కాయలు, తొడిమలు, వాసన పరిశీలించడం, ఆ వివరాలను ఇంగ్లీషులో నివేదికగా రాసి కొనుగోలుదారు తరఫు ఏజెంటుకు పంపడం ఆమె విధులు. గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, అది ఏ రకమో, ఎన్నాళ్లు నిలవ ఉందో, తడి తగిలిందో లేదో చెప్పగల మనిషి. అంత పనితనం ఉన్నవారు ఒక ఇంగ్లీషు మాట దగ్గర తడబడితే లోపాన్ని వారి తెలివిలో వెతకకూడదు. ఆ మాట వారికి ఏ దారిన చేరిందో చూడాలి.

సమస్య బయటపడిన తీరు

ఆ సరుకు బ్యాడిగి రకం. రంగు కోసం కొనే సరుకు అది; కారం తక్కువగా ఉండడమే దాని గుణం. అందులో కొన్ని టిక్కీలకు తేమ పట్టి, కాయ లోపల బూజు మొదలై, ముక్కిపోయిన వాసన వస్తోంది. ఆమె దాన్ని వెంటనే గుర్తించారు. నివేదికలో ‘దిస్ లాట్ హ్యాజ్ పంజెంట్ స్మెల్, ప్లీజ్ హోల్డ్’ అని రాసి పంపారు; సరుకుకు చెడ్డ వాసన ఉంది, ఆపండి అని ఆమె ఉద్దేశం. తన పని తాను సక్రమంగానే చేశానని ఆమె అనుకున్నారు.

మిర్చి వ్యాపారంలో పంజెంట్ అనేది మామూలు విశేషణం కాదు, పారిభాషిక పదం. దాని నామవాచకమైన ‘పంజెన్సీ’కి అక్కడ అర్థం కారపు పరిమాణం. కాబట్టి ఆ నివేదిక చదివిన ఏజెంటుకు బూజు సంగతి స్ఫురించే అవకాశమే లేకపోయింది. కారం తక్కువ ఉండవలసిన బ్యాడిగిలో కారం ఎక్కువ ఉండే తేజ రకం కలిసిందేమోనన్నది ఆయనకు కలిగిన అనుమానం. మచ్చు ప్రయోగశాలకు వెళ్లింది, కారం పరీక్ష జరిగింది, ఫలితం మామూలుగానే వచ్చింది. సరుకు బాగానే ఉందన్న మాట వినిపించింది. బూజు పట్టిన టిక్కీలు మాత్రం ఆ వారమంతా మిగిలిన వాటి పక్కనే ఉన్నాయి. చివరికి ఆమె ఫోన్‌లో తెలుగులో ‘‘కారం కాదండీ, ముక్కిపోయిన వాసన’’ అని చెప్పాక గాని విషయం తేలలేదు. మిర్చిలో బూజు చిన్న విషయం కాదు. అందులో కొన్ని జాతుల బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. విదేశీ మార్కెట్లు మిర్చి సరుకును ముఖ్యంగా పరీక్షించే అంశాలలో అదొకటి.

నా దగ్గరకు వచ్చిన రోజు ఆమె అడిగిన ప్రశ్న ఇది: ‘‘సార్, డిక్షనరీలో ఘాటైన, చెడ్డ వాసన గల అని ఉంది. నేను రాసింది తప్పెలా అవుతుంది?’’

తొలి అంచనా

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇంగ్లీషు నిఘంటువులు కూడా ఈ మాటకు ‘బలమైన, తరచు అప్రియమైన’ వాసన అనే రీతిలో వివరణ ఇస్తాయి. ఆమె ఆ ‘అప్రియమైన’ను పట్టుకుని, ‘బలమైన’ను వదిలేశారు. ఈ మాట ఆమెకు మొదట ఎక్కడ తగిలిందని అడిగాను. రసాయనశాస్త్రంలో అన్నారు. అమ్మోనియా, క్లోరిన్, సల్ఫర్ డయాక్సైడ్‌ల ధర్మాలు వల్లెవేసేటప్పుడు ప్రతిదానికీ ‘ఘాటైన వాసన గల వాయువు’ అని తెలుగులో చదివారు; ఉద్యోగంలో చేరాక ఇంగ్లీషు పుస్తకాలు తిరగేస్తే అదే చోట పంజెంట్ కనిపించింది. ఆ మూడు వాయువులూ పీల్చకూడనివే కాబట్టి పంజెంట్ అంటే పీల్చకూడని వాసన అని మనసులో స్థిరపడిపోయింది. బూజు వాసనా పీల్చకూడనిదే. ఆమె తర్కంలో ఎక్కడా పొరపాటు లేదు; పునాదిలో ఒక్క రాయి పక్కకు జరిగింది, అంతే.

ఉచ్చారణ సంగతి త్వరగా ముగిసింది. ఆమె దాన్ని ‘పంగెంట్’ అని పలికేవారు. జి అక్షరం ‘ఇ’ (e) అక్షరం ముందు వచ్చినప్పుడు సాధారణంగా ‘జ’గా మారుతుందని చెప్పి, తెలుగులో ‘జె’ ఎలాగూ తాలవ్యంగానే పలుకుతాం కాబట్టి నోరు అలాగే ఉంచమన్నాను. ‘జస్ట్’ను దంత్య ‘జ’తో పలికే మన కోస్తా అలవాటు ఈ మాట దగ్గర అడ్డురాదు. స్పెల్లింగులో మాత్రం కొన్నాళ్లు జి బదులు జె రాశారు.

నేను చేసిన తప్పు

మొదటి రెండు పాఠాలు నా పొరపాటు వల్ల వృథా అయ్యాయి. పర్యాయపదాల పట్టిక ఇచ్చాను. స్ట్రాంగ్, షార్ప్, యాక్రిడ్, స్పైసీ, హాట్, పంజెంట్ అని ఆరు మాటలు వరుసగా రాసి, ఒక్కొక్కదానికి రెండేసి ఉదాహరణ వాక్యాలు చెప్పాను. ఆమె శ్రద్ధగా రాసుకున్నారు, ఇంటికి వెళ్లి వల్లెవేశారు, మర్నాడు ఒప్పజెప్పారు. ఆ తరువాత మామూలు కాఫీ గురించి రాయమంటే ‘పంజెంట్ కాఫీ’ అని రాశారు. తెలుగులో ‘ఘాటు కాఫీ’ అంటాం కదా అన్నారు. ఇంగ్లీషులో కాఫీకి స్ట్రాంగ్ అనే మాటే సహజం. ఆ పట్టిక ఆమెకు ఆరు మాటలూ ఒకే చోట చేరతాయని నేర్పిందే గాని, అవి ఎక్కడ విడిపోతాయో చూపలేదు.

పెద్దలకు మాట నేర్పేటప్పుడు దాన్ని ఇంకో మాటతో ముడిపెట్టడం కంటే శరీరానికి తెలిసిన అనుభవంతో ముడిపెట్టడం మేలని పద్ధతి తెలిసిన ఎవరైనా ఒప్పుకుంటారు. నేనూ ఇతరులకు అదే చెబుతూ వచ్చాను. అయినా తొందరలో పట్టిక ఇచ్చేశాను. మూడో పాఠానికి ఆ కాగితాన్ని పక్కన పెట్టమన్నాను.

గుచ్చడం నుంచి మొదలుపెట్టడం

మూడో పాఠం పంచర్ కొట్టుతో మొదలైంది. టైరుకు మేకు గుచ్చుకుంటే పంచరైందంటాం. ఆ ఇంగ్లీషు మాట లాటిన్‌లో గుచ్చడం, పొడవడం అనే అర్థం గల ‘పుంగెరే’ అనే క్రియ నుంచి వచ్చింది. పంజెంట్ కూడా అదే క్రియ నుంచి వచ్చింది; గుచ్చుతున్నది అని దాని మూలార్థం. సూదులతో చేసే చికిత్స ఆక్యుపంక్చర్‌లోనూ ఆ ధాతువే ఉంది. మొన అనే అర్థంలో పాయింట్ కూడా ఆ ఇంటి పిల్లే. ఇది చెప్పగానే ఆమె తల ఎత్తి, ‘‘అయితే ముక్కుకు గుచ్చుకునేదా సార్?’’ అన్నారు. అవును, అంతే. మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న ఆ తరువాతి సంగతి.

నాలుగో పాఠానికి ఇంటి నుంచి ఎనిమిది చిన్న సీసాలు తెచ్చాను. అప్పుడే నీళ్లతో కలిపిన ఆవపిండి, దంచిన వెల్లుల్లి, పొడి శొంఠి, ఇంగువ, మల్లెపూలు, కలరా ఉండలు, ముక్కిపోయిన బియ్యం, ఎండుచేప ముక్క. కళ్లు మూసుకుని వాసన చూసి, దేనికి ముక్కు గుచ్చుకుంటుందో, కళ్లు చెమరుస్తాయో, తల వెనక్కి వెళుతుందో చెప్పమన్నాను. ఆవపిండికి ఆమె తల వెనక్కి వెళ్లింది. వెల్లుల్లికి ముక్కు ముడుచుకుంది. మల్లెలకు ముఖం విచ్చుకుంది. ముక్కిపోయిన బియ్యం దగ్గర చాలాసేపు ఆగి, ‘‘ఇది గుచ్చట్లేదు సార్, దిగులుగా ఉంది’’ అన్నారు. బూజు వాసనకు అంత కచ్చితమైన వర్ణన నేను ఇంతకు ముందు వినలేదు. ఇంగ్లీషులో దానికి ‘మస్టీ’ అనే మాట ఉందని అప్పుడు చెప్పాను. ఆ మాటను ఆమె మళ్లీ మరిచిపోలేదు. పొరపాటుకు కారణమైన మాట కంటే, ఆ చోట ఉండవలసిన మాట ముందు దొరకడం ఈ కేసులో మొదటి మలుపు.

రెండు సీసాలు మాకు ఇబ్బంది కలిగించాయి. ఇంగువ గుచ్చుతుంది, కంపూ కొడుతుంది. నూనెలో వేగితే ఘుమఘుమలాడుతుంది. ఎండుచేప గుచ్చడం తక్కువ, కంపు ఎక్కువ. అయినా ఇంగ్లీషులో ఆహారం గురించి రాసేవారు ఎండుచేపనూ, బాగా పండిన చీజునూ పంజెంట్ అనడం ఉంది. కంపు అనడానికి మొహమాటపడిన చోట ఈ మాటను వాడే అలవాటు వారికి ఉంది. ఈ సంగతిని ఆమె దగ్గర దాచలేదు. మాటకు నడిమధ్య ఒక గట్టి చోటు, అంచుల్లో కొంత మెత్తని చోటు ఉంటాయి. ఉద్యోగపు నివేదికలో గట్టి చోటే వాడాలని, మెత్తని చోటు చదివినప్పుడు అర్థమైతే చాలని నిర్ణయించుకున్నాం.

కాలిన వాసనకు మరో మాట కావాలని ఆమె అడిగారు. భోగి మంటలో ఎవరైనా టైరు వేస్తే వచ్చే పొగ గొంతులో గరగరలాడి, కళ్లు మండించి, లోపలికి పోనివ్వదు. అది ‘యాక్రిడ్’. ఆ మాటలో ప్రీతికి చోటే లేదు. ఆవకాయ కలిపే రోజు ఇంట్లో వచ్చే ఆవఘాటు యాక్రిడ్ కాదు, పంజెంట్. అందులో కళ్లు చెమర్చినా మళ్లీ జాడీ దగ్గరకు వెళ్లాలనిపిస్తుంది.

కారమూ ఘాటూ

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఈ కేసులో నేను అందరికంటే ఎక్కువ నేర్చుకున్నదీ ఇక్కడే. తెలుగువాడికి కారం వేరు, ఘాటు వేరు. కారం నాలుక మీదిది, ఘాటు ముక్కుది. మిరపకాయ కొరికితే కారం. అదే కాయను నూనెలో మాడిస్తే ఘాటు. దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో వేసినప్పుడు ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. అక్కడ ఎవరూ కారం రాలేదని అనరు. ఇంగ్లీషులో ఈ రెండింటికీ పంజెంట్ అనే ఒకే మాట సరిపోతుంది. నిఘంటువు ఘాటు అని మాత్రమే చెప్పినందువల్ల, తన రోజువారీ పనిలో ఉన్న పంజెన్సీ అంటే తాను చిన్నప్పటి నుంచి ఎరిగిన కారమేనని ఆమెకు ఎవరూ చెప్పినట్టు కాలేదు.

రసాయనశాస్త్రం తెలిసిన మనిషి కాబట్టి ఆ దారినే వెళ్లాం. మిర్చి కారానికి ముఖ్య కారణం క్యాప్సైసిన్. దానికి చెప్పుకోదగ్గ వాసన లేదు, మామూలు వేడిలో ఆవిరి కాదు. అందుకే పచ్చిమిరపకాయను ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆకు వాసన వస్తుంది గాని ముక్కు మండదు. యార్డులో మనల్ని తుమ్మించేది గాలిలో లేచే కాయల పొడి. ఆవాల సంగతి వేరు. పొడి ఆవపిండి పెద్దగా ఘాటు ఉండదు. నీరు తగిలాక అందులోని మైరోసినేజ్ అనే ఎంజైము సినిగ్రిన్‌ను విడగొట్టి అల్లైల్ ఐసోథయోసైనేట్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. అది వెంటనే ఆవిరై ముక్కుకు ఎక్కుతుంది. వెల్లుల్లి కూడా రెబ్బగా ఉన్నంతసేపు నెమ్మదిగా ఉండి, నలిగాకే ఘాటెక్కుతుంది. మిర్చి కారానికీ ఈ ఘాటుకూ ఇంగ్లీషులో ఒకే విశేషణం ఎందుకు సరిపోయిందంటే, ఆ మంటను మోసే నరం ఒకటే. ముక్కు, నోరు, కళ్ల నుంచి స్పర్శనూ నొప్పినీ మెదడుకు చేర్చే ట్రైజెమినల్ నాడి పని అది. కారం నిజానికి రుచి కాదు, నొప్పికి దగ్గరి బంధువు. క్యాప్సైసిన్‌ను పట్టుకునే గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికీ అదే గ్రాహకం స్పందిస్తుంది. ఆ పరిశోధనకు ఆయన 2021లో నోబెల్ బహుమతిని ఆర్డెమ్ పటపూటియన్‌తో పంచుకున్నారు. ఇంగ్లీషువాళ్లు కారాన్ని ‘హాట్’ అనడం వట్టి పోలిక కాదని, నాలుక దాన్ని వేడిగానే తెలుసుకుంటుందని విన్నప్పుడు ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘‘నసాళానికంటింది అనేది అందుకేనా సార్’’ అన్నారు. ఆ పోలిక నాకు తట్టలేదు, ఆమెకే తట్టింది.

ఇక్కడి నుంచి వ్యాపారపు వాడుకలోకి దిగడం సులువైంది. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఔషధశాస్త్రవేత్త కారాన్ని కొలిచే పద్ధతి ఏర్పరచారు. మిర్చి సారాన్ని చక్కెర నీటిలో పలుచన చేస్తూ పోయి, రుచి చూసేవారికి కారం తెలియడం ఆగిపోయేదాకా ఎన్ని రెట్లు పలుచన చేయవలసి వచ్చిందో లెక్కించడం ఆ పద్ధతి. ఇప్పుడు ద్రవ క్రొమటోగ్రఫీ యంత్రాలు క్యాప్సైసిన్ కుటుంబపు పదార్థాలను సూటిగా కొలుస్తాయి. ఫలితాన్ని మాత్రం ఆ పాత స్కోవిల్ యూనిట్లలోకి మార్చి చెబుతారు. శుద్ధ క్యాప్సైసిన్‌కు 1 కోటి 60 లక్షల యూనిట్లు. ఆమె నివేదికల్లో ఎస్.హెచ్.యు. (స్కోవిల్ హీట్ యూనిట్లు) అని రోజూ కనిపించే మూడక్షరాల అర్థం ఇదే. తేజకు ఆ అంకె ఎక్కువ, బ్యాడిగికి చాలా తక్కువ, గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన క్షేత్రం రకమైన 334 మధ్యలో ఉంటుంది. ఇది ఆమెకు కంఠతా వచ్చు. తనకు తెలిసిన ఆ వరుసను ఇంగ్లీషులో ‘మోర్ పంజెంట్’, ‘లెస్ పంజెంట్’, ‘మైల్డ్’ అని చెప్పవచ్చని గ్రహించడమే మిగిలింది. ఒక్క పూటలో పట్టేశారు.

ఈ దశలో ఆమె కూతురి బడి నోటుపుస్తకం ఒక సాయం చేసింది. ఉగాది పచ్చడి మీద పాప రాసిన ఇంగ్లీషు వ్యాసంలో ఆరు రుచులలో కారానికి పంజెంట్ అని ఉంది. ఆయుర్వేదంలో కటు రసం అనేదాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేవారూ ఇదే మాట వాడతారు. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిసిన త్రికటు చూర్ణం పేరులో ఉన్నది ఆ కటువే. మిరపకాయ పోర్చుగీసువారి ఓడలతో ఈ దేశం చేరకముందు కటువుకు ముఖ్య ప్రతినిధులు ఆ మూడు. అదే కటువు తెలుగు వాడుకలో రుచిని వదిలేసి మాటల్లోకి ఎక్కింది. ‘కటువుగా మాట్లాడాడు’ అంటాం గాని ‘పప్పు కటువుగా ఉంది’ అనం. పంజెంట్‌ను వ్యాఖ్యలకు వాడే మూడో అర్థానికి ఆ మాటే వంతెన అయింది.

మాటల ఘాటు

వ్యాఖ్యల విషయంలో తెలుగు మనకు చాలా సాయం చేస్తుంది, అంతే మోసమూ చేస్తుంది. ఘాటైన వ్యాఖ్య, ఘాటు లేఖ, ఘాటుగా స్పందించారు అని పత్రికలు రోజూ రాస్తాయి. వాసనకూ విమర్శకూ ఒకే మాట వాడే అలవాటు మనకూ ఉంది కాబట్టి అర్థం వెంటనే ఎక్కుతుంది. ఇంగ్లీషులో ఈ మాట 16వ శతాబ్దం చివర ప్రవేశించినప్పుడు మొదట బాధకూ దుఃఖానికీ వాడేవారు. రుచికీ వాసనకూ ఆ తరువాతే వచ్చింది. అంటే మనసుకు గుచ్చుకోవడం దానికి కొత్తగా అబ్బిన అర్థం కాదు. మన సూటిపోటి మాటల్లో పోటు ఉన్నట్టే, ఎత్తిపొడుపులో పొడవడం ఉన్నట్టే, ఆ మాటలోనూ మొదటి నుంచీ మొన ఉంది.

మోసం జరిగేది ఇలా. ఆరో పాఠంలో ఆమె ఇలా రాశారు: ‘మై మేనేజర్ స్పోక్ టు మీ పంజెంట్లీ.’ మేనేజరు ఏమన్నారని అడిగాను. అందరి ముందూ కేకలు వేశారట. అది హార్ష్, అంటే కఠినం. ఆ వాక్యంలో పంజెంట్లీ పెడితే చదివేవారికి మేనేజరు ఏదో పదునైన, క్లుప్తమైన, గురి తప్పని మాట అన్నట్టు అనిపిస్తుంది. పంజెంట్ వ్యాఖ్యలో తిట్టు ఉండవలసిన అవసరం లేదు. అరుపు అసలే ఉండదు. ఒక్క వాక్యంలో నిజాన్ని మొహం మీద పెట్టి, విన్నవారికి చురుక్కుమనిపించి, కొంతసేపు గుర్తుండిపోయేది అది. అందులో మెప్పు పాలు కూడా ఉంటుంది. ఆ మెప్పు మన ‘ఘాటు’లో ఈ మధ్య కొంత తగ్గింది. పెద్ద గొంతుతో అన్న ప్రతిమాటనూ ఘాటు అనడం వల్ల మాట పలుచబడిందని నా అభిప్రాయం. ఆ పలుచదనాన్ని ఇంగ్లీషు వాక్యంలోకి తీసుకువెళ్లకూడదు. ఎత్తిపొడుపూ దీనికి సరిపోదు, ఎందుకంటే అది పక్కదారిన వస్తుంది. చురక దగ్గరగా వస్తుంది.

ఎవరి మాట అలాంటిదో చెప్పమన్నాను. వాళ్ల నాయనమ్మ అన్నారు. వరుసగా మూడు రోజులు పప్పులో ఉప్పు మరిచిన కోడలితో ఆవిడ, ‘‘రేపు ఉప్పు డబ్బా కంచం పక్కన పెట్టమ్మా, వంటింట్లో దానికి పనిలేనట్టుంది’’ అన్నారట. కోడలు నవ్వేసింది, నాలుగో రోజు ఉప్పు సరిపోయింది. ‘ఎ పంజెంట్ రిమార్క్’ అని ఆమె తనంతట తానే నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఇంతకంటే మంచి ఉదాహరణ నేను ఇవ్వలేకపోయేవాడిని.

జతపదాల హద్దులు

ఏడో పాఠమంతా ఏ నామవాచకం పక్కన ఈ మాట ఇముడుతుందో చూడడానికే సరిపోయింది. వాసన, పొగ, సాస్, వెల్లుల్లి, వ్యాఖ్య, విమర్శ, చతురత పక్కన ఇముడుతుంది. మనిషి పక్కన ఇమడదు. ‘పంజెంట్ పర్సన్’ అంటే ఆ మనిషి ఒంటి వాసన గురించి అన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. కత్తి పక్కన ఇమడదు, అక్కడ షార్ప్ కావాలి. ఘాటైన ప్రేమ అని తెలుగులో అంటాం, ఇంగ్లీషులో అలా కుదరదు. గుంటూరులో పొగాకు మాట రాకుండా ఘాటు గురించి మాట్లాడలేం. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు ఇది. ఘాటు చుట్టకు ఇంగ్లీషులో స్ట్రాంగ్ సహజం, ఆ చుట్ట పొగకు మాత్రం పంజెంట్ బాగా అతుకుతుంది. మసాలా దట్టించిన కూరకు స్పైసీ చాలు. దాల్చినచెక్క, యాలకులు వేసినది కారం లేకపోయినా స్పైసీయే కాగలదు. కారం పొడి ఒక్కటే వేసినది మసాలా లేకుండానే పంజెంట్ కాగలదు. ఈ చివరి తేడా ఆమెకు చాలా నచ్చింది. రెండు కూరల పేర్లు రాసి, వాటి పక్కన రెండు మాటలూ మార్చి మార్చి రాసుకున్నారు.

ఫలితం, మిగిలినవి

ఎనిమిదో పాఠానికి ఆమెను వారి గోదాములోనే, సంస్థ అనుమతితో కలిశాను. మూడు మచ్చులు తీసి, చదివి వినిపించకుండా, కాగితం మీద మూడు నివేదికలు రాయమన్నాను. మొదటిదానికి పంజెన్సీ ఎక్కువ, వాసన శుభ్రం అని రాశారు. రెండోదానికి మైల్డ్, రంగు బాగుంది అని. మూడోదానికి పెన్ను ఆపి, కాయను నలిపి, మళ్లీ వాసన చూసి, ‘స్లైట్ మస్టీ ఓడర్, పంజెన్సీ నాట్ అఫెక్టెడ్, చెక్ మాయిశ్చర్’ అని రాశారు. వాసననూ కారాన్నీ ఒకే వరుసలో వేర్వేరుగా నిలబెట్టడం నేను నేర్పలేదు. అంతకుముందు ఆమె పడిన ఇబ్బంది ఆ చివరి వరుసను రాయించింది.

అన్నీ సరిపోలేదు. విశేషణం బదులు నామవాచకం, నామవాచకం బదులు విశేషణం రాయడం ఇప్పటికీ అప్పుడప్పుడు జరుగుతోంది; ‘వెరీ పంజెన్సీ లాట్’ అని ఈ నెలలోనే ఒకసారి వచ్చింది. వ్యాఖ్యల అర్థాన్ని ఆమె చదివినప్పుడు గుర్తుపడతారు గాని స్వయంగా వాడడానికి వెనుకాడతారు. దాన్ని నేను తొందరపెట్టడం లేదు, ఎందుకంటే ఆమె ఉద్యోగానికి ఆ వాడుకతో పెద్దగా పని లేదు. నా వైపు మార్పు ఒకటి జరిగింది. ఏ రంగంలోనివారు వచ్చినా, కష్టమైన మాట ఎదురైతే ముందు వారి పనిలో ఆ మాటకు పారిభాషిక అర్థం ఉందేమో అడుగుతున్నాను. ఆ ప్రశ్న ఆమెను మొదటి రోజే అడిగి ఉంటే రెండు పాఠాలు మిగిలేవి.

పోయిన వారం ఆమె ఫోన్‌లో ఒక సందేహం అడిగారు. కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా గొట్టం దగ్గర కొద్దిగా వాసన వస్తోందని, నివేదికలో ఏమని రాయాలని. పంజెంట్ అనే రాయమన్నాను. దాని పక్కన అమ్మోనియా పేరు తప్పకుండా ఉండాలని, రాయడానికి ముందే గేటు దగ్గర ఉన్నవారికి తెలుగులో చెప్పి అందరినీ బయటకు పంపమని కూడా అన్నాను. ‘‘పంపేశాను సార్, అందరూ బయటే ఉన్నారు, ఇప్పుడు రాస్తున్నాను’’ అన్నారు.